చర్చి క్వాయర్ నుంచి క్లబ్ పాట దాకా: మార్తా వాష్ నడిచిన దారి

మీరు అడిగినది ఇది. పన్నెండేళ్ల మీ అమ్మాయి ప్రతి ఆదివారం చర్చి క్వాయర్‌లో పాడుతోంది. ఈమధ్య ఇంట్లో పాత డిస్కో పాటలూ, డిస్కో తరవాత క్లబ్బుల్లో పుట్టిన హౌస్ అనే నాట్య సంగీతపు పాటలూ వింటూ, ఈ పాటల్లో ఆడవాళ్ల గొంతులు ఆరాధనలో పాడుతున్నట్టే ఉన్నాయేమిటని మిమ్మల్ని అడిగింది. ఆ గాయనులు ఎక్కడ నేర్చుకున్నారు, చర్చి నుంచి డాన్స్ క్లబ్బుల సంగీతంలోకి ఎలా వచ్చారు, ఆ దారిలో వారికి ఏం ఎదురైంది అన్నది మీ ప్రశ్న. అలాంటి దారి మంచిదేనా అన్న ఆందోళన కూడా మీ మాటల వెనక నాకు వినిపించింది. ముందుగా ఒక్క మాట చెబుతాను: మీ అమ్మాయి చెవి చాలా మంచిది. ఆమె విన్నది నిజంగానే చర్చి గొంతు.

నేను చెన్నైలోనూ, తరవాత హైదరాబాదులోనూ రికార్డింగ్ థియేటర్లలో ఇరవై ఆరేళ్లు సౌండ్ ఇంజనీరుగా పనిచేశాను. గొంతును మైకు ముందు నిలబెట్టి టేపు మీదికి ఎక్కించడమే నా వృత్తి కాబట్టి, అమెరికా సోల్ గాయనుల రికార్డులను మొదట పనికోసం విన్నాను, తరవాత ప్రేమతో విన్నాను. మీ ప్రశ్నకు పదిమంది గాయనుల పేర్లు చెప్పి ఊరుకోవడం కన్నా ఒక్క గాయని జీవితాన్ని మొదటినుంచీ చెబితే అన్నీ అందులోనే తెలుస్తాయని నా నమ్మకం. ఆమె పేరు మార్తా వాష్. మధ్యలో షికాగో గాయని లొలీటా హాలొవే ప్రస్తావన కూడా వస్తుంది, ఎందుకంటే వీరిద్దరి కథలూ ఒకచోట ముడిపడ్డాయి.

మార్తా వాష్ 1953 డిసెంబరు 28న శాన్ ఫ్రాన్సిస్కోలో పుట్టింది. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో ఓడల కర్మాగారాల్లో పని దొరుకుతుందని లూసియానా, టెక్సాస్ వంటి దక్షిణ రాష్ట్రాల నుంచి వేలాది నల్లజాతి కుటుంబాలు శాన్ ఫ్రాన్సిస్కో అఖాతం చుట్టుపక్కలకు తరలివచ్చాయి. వచ్చినవారు తమ చర్చిలనూ, పాటలనూ వెంట తెచ్చుకున్నారు. మార్తా ఇంట్లో వినిపించేది ప్రధానంగా గాస్పెల్, అంటే నల్లజాతివారి చర్చి సంగీతమే, ఇతర పాటలు ఆమె చెవిన పడింది కాస్త పెద్దయ్యాకే. మాటలు సరిగా రాని వయసులోనే చర్చిలో పాడటం మొదలుపెట్టిన ఆ పిల్ల, హైస్కూలుకు వచ్చేసరికి అక్కడి బృందగానంలో చేరింది. ఆ విధంగా ఆమెకు ఒకే కాలంలో రెండు బడులు దొరికాయి. ఒకటి స్వరలిపి చూసి, పక్కవారి గొంతుతో కలిపి, తనకు కేటాయించిన శ్రుతిలో ఒదిగి పాడే బడి, రెండోది చర్చి.

చర్చి నేర్పినది ఏమిటో కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే మీ అమ్మాయి అడిగిన ప్రశ్నకు సమాధానం ఇక్కడే ఉంది. నల్లజాతివారి చర్చిలో పాట సాహిత్యం పూర్తవగానే ముగిసిపోదు. చరణాలన్నీ అయిపోయాక, పాట ఒక చిన్న ముక్క మీద నిలబడి తిరగడం మొదలుపెడుతుంది. దాన్ని అక్కడివారు వ్యాంప్ అంటారు. క్వాయర్ ఒకే మాటను వంతగా పట్టుకుని మళ్లీ మళ్లీ పాడుతూ ఉంటుంది, ముందున్న గాయని దాని మీద అప్పటికప్పుడు తోచిన మాటలూ, పిలుపులూ, విరుపులూ అల్లుకుంటూ పోతుంది. చప్పట్లు రెండో దెబ్బ మీదా, నాలుగో దెబ్బ మీదా పడతాయి, కంజీరలాంటి టాంబరిన్ ఆ దెబ్బల మధ్య ఖాళీలను నింపుతుంది. గుడిలో భజన గోష్ఠి చివరికి వచ్చేసరికి పల్లవి ఒక్కటే మిగిలి, తాళాలు జోరందుకుని, ఎవరి చేతులు వారికి తెలియకుండానే కదలడం మనవాళ్లలో చాలామంది ఎరిగినదే. బుర్రకథలో కథకుడి పక్కన ఇద్దరు వంతలు నిలబడి అతని మాటను అందుకున్నట్టే అక్కడ క్వాయర్ అందుకుంటుంది. ఈ వ్యాంప్ పది నిమిషాలు సాగవచ్చు, పావుగంట సాగవచ్చు. ఎంతసేపు సాగాలో కాగితం మీద ఉండదు, ఎదురుగా ఉన్న మనుషులను బట్టి గాయని తేలుస్తుంది.

ఇలా పాడాలంటే గొంతుకు కొన్ని లక్షణాలు తప్పనిసరి. పైస్థాయిలో కూడా ఛాతీ బలంతో పాడగలగాలి, అంటే సన్నని తల గొంతులోకి జారిపోకుండా మాట్లాడే గొంతునే పైకి నెట్టగలగాలి. మైకు లేకుండానే డ్రమ్ములనూ, చర్చిల్లో వాడే హామండ్ అనే విద్యుత్ ఆర్గన్‌నూ దాటి చివరి బెంచీ దాకా వినిపించాలి. ఒకే మాటను ఇరవైసార్లు పాడినా ప్రతిసారీ కొత్తగా పాడగలగాలి. మన సంగీతంలో ఒక పంక్తికి సంగతులు వేయడంతో దీన్ని కొందరు పోలుస్తారు. పోలిక కొంతవరకే నిలుస్తుంది, ఎందుకంటే మన సంగతులు చాలావరకు గురుముఖంగా ముందే కుదురుకుని ఉంటాయి, అక్కడివి ఎక్కువగా ఆ క్షణంలో పుడతాయి. మార్తా వాష్ పన్నెండేళ్ల వయసుకే ఇదంతా వింటూ, పాడుతూ పెరిగింది.

గాస్పెల్‌కూ, లోకంలోని పాటకూ మధ్య గోడ ఎప్పుడూ ఎత్తుగా ఉన్నది కాదని కూడా మీరు తెలుసుకోవాలి. గాస్పెల్ సంగీతానికి పితామహుడిగా పేరుపొందిన థామస్ ఎ. డోర్సీ, అంతకుముందు జార్జియా టామ్ అన్న పేరుతో బ్లూస్ పియానో వాయించినవాడే. 1930ల్లో షికాగోలో అతను బ్లూస్ పోకడలను చర్చి పాటలోకి తెచ్చినప్పుడు ఎందరో పెద్దలు అభ్యంతరపెట్టారు. ఇరవై ఏళ్ల తరవాత గాయకుడు రే చార్ల్స్ ఎదురుదిక్కున నడిచి గాస్పెల్ బాణీలను ప్రేమపాటలకు వాడినప్పుడు కూడా చర్చివారు అభ్యంతరపెట్టారు. సోల్ అనే సంగీతం పుట్టింది ఆ రాకపోకల్లోనే. పేరున్న సోల్ గాయకులు శామ్ కుక్, అరీతా ఫ్రాంక్లిన్ ఇద్దరూ బోధకుల ఇళ్లలో పుట్టి చర్చిలో పాడి వచ్చినవారే.

హైస్కూలు తరవాత మార్తా వాష్ న్యూస్ ఆఫ్ ది వరల్డ్ అనే గాస్పెల్ బృందంలో పాడింది. అక్కడే ఆమెకు ఇజోరా రోడ్స్ పరిచయమైంది. ఇజోరా టెక్సాస్‌లోని హ్యూస్టన్‌లో 1942లో పుట్టింది, అంటే మార్తాకు అక్క వరస. మార్తా గొంతు పైన మెరుస్తుంది, ఇజోరా గొంతు కింద నేలలా పరుచుకుంటుంది. వీరిద్దరి జంట ఎలా కుదిరిందో చెప్పే సంఘటన 1976లో జరిగింది. సిల్వెస్టర్ అనే గాయకుడు తన బృందానికి వంత గాయనులు కావాలని పరీక్ష పెట్టాడు. మార్తా వచ్చేసరికి అక్కడ సన్నగా ఉన్న ఇద్దరు తెల్ల అమ్మాయిలు ఎదురుచూస్తున్నారు. మార్తా పాడటం వినగానే సిల్వెస్టర్ ఆ ఇద్దరినీ పంపించేసి, నీలాగే పెద్ద శరీరమూ, నీలాగే పాడే గొంతూ ఉన్న స్నేహితురాలు ఇంకెవరైనా ఉన్నారా అని అడిగాడు. ఆమె ఇజోరాను తీసుకువచ్చింది. ఆ శరీరాలను దాచమని అడగకుండా, అవి వేదిక మీద కనిపించాలనే అతను కోరుకున్నాడు. ఈ మాట గుర్తుంచుకోండి, కథ తరవాత దీనికి పూర్తిగా ఎదురుతిరుగుతుంది.

సిల్వెస్టర్ కూడా చర్చి బిడ్డే. 1947లో లాస్ ఏంజలెస్‌లో పుట్టి, అక్కడి పెంతెకొస్తు చర్చిలో బాల గాయకుడిగా పేరు తెచ్చుకున్నాడు. మగవారిని ఇష్టపడే మనిషి అన్న కారణంగా కౌమారంలోనే ఆ చర్చి అతనికి దూరమైంది. 1970లో శాన్ ఫ్రాన్సిస్కో చేరి, ఆడవేషాల నాటక బృందంలో పాడి, చివరికి తన సొంత బ్యాండు పెట్టుకున్నాడు. కాబట్టి అతనూ, మార్తా, ఇజోరా కలిసి పాడినప్పుడు ముగ్గురికీ తెలిసిన భాష ఒక్కటే, అది ఆదివారం ఉదయపు భాష. దాన్ని వారు శనివారం రాత్రి మాట్లాడారు. తమ చర్చిల నుంచి, తమ ఇళ్ల నుంచి వెళ్లగొట్టబడినవారు ఆ క్లబ్బుల్లో ఎందరో ఉన్నారు. ఆ గొంతులు విన్నప్పుడు వారికి పోగొట్టుకున్నదేదో తిరిగి దొరికినట్టు అనిపించి ఉంటుందని నేను గట్టిగా నమ్ముతాను. క్లబ్బును ఒట్టి విలాసాల చోటుగా మాత్రమే ఊహించుకునే తల్లిదండ్రులకు నేను ఈ విషయం తప్పక చెబుతూ ఉంటాను.

1978లో ఫాంటసీ రికార్డ్స్ వారు విడుదల చేసిన "స్టెప్ టూ" ఆల్బంతో ఈ ముగ్గురి గొంతూ ప్రపంచానికి తెలిసింది. అందులోని "యూ మేక్ మీ ఫీల్ మైటీ రియల్" పాట మొదట మధ్యలయలో, గాస్పెల్ ఛాయలో సాధన చేసినది. ప్యాట్రిక్ కౌలీ అనే యువకుడు ఆ సాధన విని, దానికి సింథసైజర్లు జోడించి వేగం పెంచాడు. పరుగెత్తే ఆ యంత్రపు నడక మీద చర్చి గొంతులు నిలబడటం అప్పటికి కొత్త. ఆ పాటా, దానితో వచ్చిన "డాన్స్ డిస్కో హీట్" పాటా కలిసి ఆ ఏడాది అమెరికాలో డిస్కో పాటల ఆదరణను చూపే పట్టికలో మొదటి స్థానానికి చేరాయి. 2019లో "మైటీ రియల్"ను అమెరికా లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ భద్రపరచదగిన జాతీయ రికార్డింగుల జాబితాలో చేర్చింది.

ఇక్కడ ఒక సాంకేతిక విషయం చెప్పకుండా ముందుకు వెళ్లలేను. డిస్కోలో కాలితో వాయించే పెద్ద డ్రమ్ము, అంటే కిక్ డ్రమ్, నాలుగు దెబ్బల మీదా సమానంగా పడుతుంది, హై హ్యాట్ అనే జంట తాళాలు వాటి మధ్య తెరుచుకుంటాయి. ఫిలడెల్ఫియా డ్రమ్మరు ఎర్ల్ యంగ్ 1973 ప్రాంతంలో స్థిరపరిచిన ఈ నడక వింటే, నాకు పైన చెప్పిన చప్పట్లూ టాంబరినే గుర్తొస్తాయి. 1976లో సాల్‌సోల్ కంపెనీ డబుల్ ఎక్స్‌పోజర్ బృందం పాడిన "టెన్ పర్సెంట్" పాటను 12 అంగుళాల సింగిల్‌గా, అంటే ఒక్క పాట కోసం అచ్చువేసిన పెద్ద రికార్డుగా బజారులోకి తెచ్చింది. బజారులో అమ్మకానికి వచ్చిన మొదటి 12 అంగుళాల సింగిల్ అదే. అంతవరకు 7 అంగుళాల రికార్డు మీద మూడు నాలుగు నిమిషాల్లో ముగించాల్సిన పాటకు ఒక్కసారిగా పది నిమిషాల చోటు దొరికింది. గాడులు వెడల్పుగా ఉండటం వల్ల మంద్ర ధ్వనులు కూడా బలంగా పలికాయి. ఇక ఆ పది నిమిషాలనూ దేనితో నింపాలి? రాసిపెట్టిన చరణాలు అందుకు చాలవు. వ్యాంప్ మీద ఎంతసేపైనా అల్లుకుంటూ పోగల గొంతు కావాలి. చర్చిలో పెరిగిన గాయని ఆ పనిని చిన్నప్పటి నుంచీ చేస్తూనే ఉంది.

దీనికి నాకు తెలిసిన అత్యుత్తమ ఉదాహరణ లొలీటా హాలొవే. ఆమె 1946లో షికాగోలో పుట్టింది, తల్లి నడిపే గాస్పెల్ క్వాయర్‌లో పాడి, తరవాత ఆల్బర్టీనా వాకర్ స్థాపించిన ప్రసిద్ధ కారవాన్స్ బృందంలో చేరింది. 1977లో ఆమె పాడిన "హిట్ అండ్ రన్" పాట టేపులు వాల్టర్ గిబ్బన్స్ అనే డీజేకి అందాయి. అతను పాటలోని చరణాలను చాలావరకు పక్కన పెట్టి, చివర్లో ఆమె ఆవేశంలో పాడిన అల్లికలనే ముందుకు తెచ్చి, పదకొండు నిమిషాల పాటను తయారుచేశాడు. అసలు పాటలో మెల్లగా వినిపించి ఆగిపోయే ముక్కే కొత్త కూర్పులో పాటకు ప్రాణమైంది. ఎడిటింగ్ పని తెలిసినవాడిగా ఆ కూర్పును నేను ఎన్నిసార్లు విన్నానో లెక్కలేదు. గాయని ఎక్కడ ఊపిరి తీసుకుంటోందో గమనించి, ఆ ఊపిరిని కూడా లయలో భాగం చేసిన పని అది.

మార్తా దగ్గరికి తిరిగి వస్తాను. 1979 మార్చి 11న సిల్వెస్టర్ శాన్ ఫ్రాన్సిస్కోలోని వార్ మెమోరియల్ ఒపేరా హౌస్‌లో కచేరీ చేశాడు. దాని రికార్డింగు "లివింగ్ ప్రూఫ్" పేరుతో వచ్చింది. అందులో "యూ ఆర్ మై ఫ్రెండ్" పాట నడుస్తుండగా అతను తన పాట ఆపి, పక్కన ఉన్న మార్తానూ, ఇజోరానూ పేరుపేరునా శ్రోతలకు పరిచయం చేసి, పాటను వారి చేతికి ఇచ్చేస్తాడు. అప్పుడు వారిద్దరూ పాడినది వినండి. పైకి డిస్కో గాయకుడి కచేరీ అయినా ఆ కొన్ని నిమిషాలూ అది చర్చే. ముందున్న గాయకుడు తన వంతల పేర్లు చెప్పడం మన కళారూపాల్లో కూడా మర్యాదగా ఉన్నదే, అయినా ఎంతమంది పాటిస్తారో నా వృత్తిలో చూశాను కనుక ఆ క్షణం నన్ను ఎప్పుడూ కదిలిస్తుంది.

ఆ తరవాత కాలం మారింది. 1979 జులై 12న షికాగోలోని కోమిస్కీ పార్క్ బేస్‌బాల్ మైదానంలో డిస్కో రికార్డులను కుప్పపోసి పేల్చివేసిన ఘటన జరిగింది, పెద్ద కంపెనీలు డిస్కో అన్న మాటనే వదిలించుకున్నాయి. క్లబ్బులు మాత్రం మూతపడలేదు. షికాగోలో వేర్‌హౌస్, న్యూయార్క్‌లో ప్యారడైజ్ గరాజ్ నడుస్తూనే ఉన్నాయి. ఆ వేర్‌హౌస్ పేరులోని చివరి ముక్కే హౌస్ సంగీతానికి పేరైందని చెబుతారు. మార్తా, ఇజోరా టూ టన్స్ ఓ ఫన్ అన్న పేరుతో 1980లో తమ సొంత ఆల్బం తెచ్చుకున్నారు. ఆ పేరుకు రెండు టన్నుల సరదా అని అర్థం.

1982లో పాల్ జబారా, పాల్ షాఫర్ కలిసి రాసిన "ఇట్స్ రెయినింగ్ మెన్" పాట వారి దగ్గరికి వచ్చింది. డోనా సమ్మర్ సహా పలువురు పెద్ద గాయనులు ఆ పాట వద్దన్నారు. ఆకాశం నుంచి మగవాళ్లు వానలా కురుస్తారన్న ఆ సాహిత్యం మార్తాకు కూడా మొదట వేళాకోళంగానే తోచింది. అయినా ఒప్పుకుని పాడాక ఆ జంటకు వెదర్ గర్ల్స్ అన్న కొత్త పేరు స్థిరపడింది. పాట అమెరికా డాన్స్ పట్టికలో మొదటి స్థానానికీ, 1984లో బ్రిటన్ పట్టికలో రెండో స్థానానికీ చేరింది. పాటలో హాస్యం ఎంత ఉన్నా వారు పాడిన తీరులో మాత్రం హాస్యం లేదు. వాతావరణ వార్త చదివే మాటలను కూడా ప్రవచనం చెబుతున్నంత నిష్ఠతో పాడారు, పాట నిలిచింది ఆ నిష్ఠ వల్లనే అని నా అభిప్రాయం.

ఆ దశాబ్దంలోనే ఎయిడ్స్ శాన్ ఫ్రాన్సిస్కోను కమ్మేసింది. ప్యాట్రిక్ కౌలీ 1982లోనే వెళ్లిపోయాడు. 1988 డిసెంబరు 16న సిల్వెస్టర్ మరణించాడు. ఆ ప్రాంతంలోనే మార్తా, ఇజోరా కూడా ఎవరి దారి వారు చూసుకున్నారు. అప్పటికి మార్తా వాష్‌కు దాదాపు ముప్పై అయిదేళ్లు, స్టూడియోల్లో రోజు కూలికి పాడే గాయనిగా మిగిలింది.

మీ అమ్మాయికి తప్పక చెప్పవలసిన భాగం ఇక ముందుంది. 1989లో ఇటలీకి చెందిన బ్లాక్ బాక్స్ అనే నిర్మాతల బృందం "రైడ్ ఆన్ టైమ్" అనే పాట విడుదల చేసింది. బ్రిటన్‌లో అది ఆరు వారాలు మొదటి స్థానంలో నిలిచి, ఆ ఏడాది అక్కడ అన్నింటికన్నా ఎక్కువ అమ్ముడైన సింగిల్ అయింది. అందులోని గొంతు లొలీటా హాలొవేది. 1980లో ఆమె పాడిన "లవ్ సెన్సేషన్" నుంచి ఆ గొంతును ముక్కలుగా కోసి వాడుకున్నారు. ఆ పాటను దాని నిర్మాత డాన్ హార్ట్‌మన్ తనచేత మళ్లీ మళ్లీ ఎంతగా పాడించాడో ఆమె తరవాత చెప్పుకుంది. అంత కష్టపడి పలికిన గొంతుకు తెర మీద పెదవులు కదిపింది క్యాట్రిన్ క్వినోల్ అనే ఒక మోడల్. వివాదం రేగింది, తరవాత రాజీ కుదిరింది. అదే బృందం తమ ఆల్బం "డ్రీమ్‌ల్యాండ్" కోసం ఈసారి గాయనినే పిలిపించుకుంది. ఆ గాయని మార్తా వాష్. "ఎవ్రీబడీ ఎవ్రీబడీ", "స్ట్రైక్ ఇట్ అప్" వంటి పాటలు ఆమె పాడింది. ఆ రెండూ అమెరికా ప్రధాన పట్టికలో ఎనిమిదో స్థానం దాకా వెళ్లాయి. గాయనిగా ఆమె పేరు వేయలేదు, వీడియోల్లో మళ్లీ ఆ మోడలే కనిపించింది.

1990 చివర్లో ఇంకొకటి జరిగింది. సీ అండ్ సీ మ్యూజిక్ ఫ్యాక్టరీ పేరుతో రాబర్ట్ క్లివియేస్, డేవిడ్ కోల్ తయారుచేసిన "గానా మేక్ యూ స్వెట్" పాటలో అందరినీ నాట్యానికి పిలిచే ఆ పెద్ద కేక మార్తా వాష్‌దే. ఇంకొకరి కోసం నమూనాగా పాడుతున్నానని అనుకుని, ఒక్కసారి ఇచ్చే రొక్కానికి ఆమె పాడి వెళ్లింది. 1991 ఫిబ్రవరిలో అది అమెరికాలో మొదటి స్థానానికి చేరింది. వీడియోలో ఆ గొంతుకు పెదవులు కలిపింది జెల్మా డేవిస్ అనే సన్నని గాయని. జెల్మా కూడా పాడగలదు, ఆ ఆల్బంలో వేరే పాటలు పాడింది కూడా, కాబట్టి తప్పు ఆమెది కాదు. పెద్ద శరీరమున్న ముప్పై ఏడేళ్ల నల్లజాతి స్త్రీ టెలివిజన్‌లో అమ్ముడుపోదని నిర్ణయించినవారిదే తప్పు. పదిహేనేళ్ల కింద సిల్వెస్టర్ ఏ శరీరాన్ని చూసి మురిసి వేదిక ఎక్కించాడో, అదే శరీరాన్ని ఇప్పుడు దాచేశారు.

ఈ కథ విదేశీ వింతగా నాకు ఎప్పుడూ తోచలేదు. మన సినిమా పాటల్లో ట్రాక్ పాడటం అనే పద్ధతి ఉంది. పెద్ద గాయకులకు తీరిక లేనప్పుడు, ముందుగా ఒక చిన్న గాయని చేత పాట మొత్తం పాడిస్తారు, షూటింగుకు దాన్నే వాడతారు, తరవాత పెద్ద గాయని వచ్చి ఆ ట్రాక్ విని తన గొంతు ఎక్కిస్తుంది. ఒకసారి నేను పనిచేసిన పాటకు ట్రాక్ పాడిన అమ్మాయి గొంతునే చివరి మిక్సులో ఉంచారు, ఎందుకంటే తరవాత పాడినదానికన్నా అదే బాగుంది. క్యాసెట్ మీద మాత్రం పేరు మరొకరిది పడింది. మిక్సు చేసినవాడిని నేనే. ఆ అమ్మాయి క్యాసెట్ కొనుక్కుని వచ్చి, అట్ట తిప్పి చూసి, ఏమీ అనకుండా వెళ్లిపోయింది. అప్పుడు నేను నోరు విప్పి అడగలేదు, అడగవలసింది. మార్తా వాష్ గురించి చదివినప్పుడల్లా ఆ అమ్మాయి ముఖమే నాకు గుర్తొస్తుంది.

మార్తా వాష్ మాత్రం ఊరుకోలేదు. 1990 నవంబరులో మిల్లీ వనిల్లీ అనే జంట తమ రికార్డుల్లో తాము పాడనే లేదని బయటపడి గ్రామీ బహుమతి పోగొట్టుకుంది. ఎవరు పాడారన్న ప్రశ్న అప్పుడు అందరి నోళ్లలోనూ ఉంది. ఆ సమయంలో ఆమె నిర్మాతల మీదా, కంపెనీల మీదా దావాలు వేసింది. అవి కోర్టు బయట రాజీతో ముగిశాయి. బ్లాక్ బాక్స్ వ్యవహారంలో రాజీ ఫలితంగా ఆర్‌సీఏ కంపెనీ ఆమెతో సొంత ఆల్బం ఒప్పందం చేసుకుంది. "గానా మేక్ యూ స్వెట్" విషయంలో సోనీ కంపెనీతో దావా 1994లో పరిష్కారమైంది, ఎంటీవీలో ఆ వీడియో వచ్చినప్పుడు గానం మార్తా వాష్‌దనీ, తెర మీద కనిపించేది జెల్మా డేవిస్ అనీ రాత వేశారు. డాన్స్ రికార్డుల మీద గాయకుల పేర్లు స్పష్టంగా అచ్చు వేసే అలవాటు బలపడటానికి ఈ వ్యాజ్యాలు చాలా కారణమని ఆ రంగంలోనివారు చెబుతారు. లొలీటా హాలొవే విషయంలోనూ మార్పు కనిపించింది. అదే "లవ్ సెన్సేషన్" గొంతును 1991లో మార్కీ మార్క్ అనే ర్యాప్ గాయకుడు "గుడ్ వైబ్రేషన్స్"లో వాడినప్పుడు పాట మీద ఆమె పేరు ఉంది, ఆ పాట అమెరికాలో మొదటి స్థానానికి వెళ్లింది.

మార్తా వాష్ సొంత పేరుతో విడుదలైన "క్యారీ ఆన్", "గివ్ ఇట్ టు యూ" రెండూ 1992, 1993 సంవత్సరాల్లో అమెరికా డాన్స్ పట్టికలో మొదటి స్థానం పొందాయి. "క్యారీ ఆన్" వింటే అది పేరు తప్ప అన్ని విధాలా గాస్పెల్ పాటే అని మీకే తెలుస్తుంది. 1996లో టాడ్ టెర్రీ నిర్మించిన "కీప్ ఆన్ జంపిన్" పాటలో ఆమె, మరో చర్చి గాయని జోస్లిన్ బ్రౌన్‌తో కలిసి పాడింది. ఆ పాటలో ఇద్దరి పేర్లూ ముందే ఉన్నాయి. ఇజోరా 2004లో మరణించింది. తరవాత మార్తా పర్పుల్ రోజ్ అనే సొంత రికార్డు కంపెనీ పెట్టుకుంది.

ఇక మీ ఆందోళన సంగతి. మీ అమ్మాయి ఇప్పుడు నేర్చుకుంటున్నది ఎక్కడికి పోయినా వృథా కాదు, కాబట్టి క్వాయర్ మాన్పించకండి, ఈ పాటలు విననివ్వకుండానూ ఉంచకండి. ఆంధ్ర క్రైస్తవ కీర్తనలను మన రాగాల్లో నెమ్మదిగా పాడే పద్ధతీ, పైన చెప్పిన ఛాతీ బలంతో పాడే పద్ధతీ గొంతును వేర్వేరుగా వాడతాయి. పన్నెండేళ్ల పిల్ల రికార్డు విని ఆ కేకలను అనుకరిస్తే గొంతు బొంగురుపోతుంది. పాడాక మాట బొంగురుగా వస్తే ఆ రోజుకు ఆపించండి. అది రెండు వారాలు దాటినా తగ్గకపోతే ఈఎన్‌టీ డాక్టరుకు చూపించండి. వినిపించేటప్పుడు ముందు "లివింగ్ ప్రూఫ్"లోని "యూ ఆర్ మై ఫ్రెండ్" వినిపించి, ఆ తరవాత "క్యారీ ఆన్" వినిపించండి, "గానా మేక్ యూ స్వెట్" చివరికి ఉంచండి. మూడింటిలోనూ ఒకటే గొంతు ఉందని ఆమె తనంతట తానే పోల్చుకుంటుందేమో చూడండి.

రేపు ఆమె ఎవరికైనా ట్రాక్ పాడవలసి వస్తే, డబ్బు మాట కన్నా ముందు పేరు మాట అడగమనండి. 2012లో సవరించిన మన కాపీరైటు చట్టంలో 38బి సెక్షన్ ప్రకారం, పాడినవారు ఆ పాట తమదని గుర్తింపు కోరే హక్కు కలిగి ఉన్నారు. గాయకుల రాయల్టీ వసూలు కోసం 2013లో ఇస్రా పేరుతో ఏర్పడిన సంఘం కూడా ఉంది, ఇప్పుడు దాని పేరు ఇసామ్రా. పాడబోయేది ట్రాకా, చివరి పాటా, ట్రాకునే ఉంచేస్తే పేరు ఎవరిది పడుతుంది, డబ్బు ఎంత మారుతుంది అన్నవి మైకు ముందు నిలబడక ముందే ఒక కాగితం మీద రాయించి సంతకం తీసుకోవాలి. ఆ కాగితం ఎలా ఉండాలో తెలియకపోతే నన్ను అడగండి, నా దగ్గర ఉన్న నమూనా తెలుగులోనే రాసి పంపుతాను.